తోక కోటు

గడియార స్తంభం కాడ నాది మిషను కొట్టు.
పేరు కుళ్ళాయప్ప. కుళ్ళాయంటే టోపీ.
అనంతపురంలో టోపీలు కుట్టేది నేను,
పెట్టేటోళ్ళు వేరే ఉండారు.

కాలేజీ వార్షికోత్సవమని
ఇంగ్లీషు అయ్యవారు ఆయాసపడుకుంటా వచ్చె:
"నూరేండ్ల కిందటి లండన్ నాటకం కుళ్ళాయప్పా,
దొర వేషానికి తోక కోటు కావల్ల. రేపు సాయంత్రానికే."

ఉండాది ఒకటి.
పదకొండేండ్ల కింద గవర్నరు వస్తాడని
ఓబుళనాయనివారు నడుం వదులు చేయమని పంపిన కోటు.
పాళేగాండ్ల వంశం.
టేపు ఆయన ఒంటికి తగలకూడదంట,
జానెడు దూరంలో నిలబడి గాలిని కొలిస్తి.
కూలి పద్దెనిమిది రూపాయిలు.
గవర్నరు రాకపాయ, కోటు కోసం మనిషీ రాకపాయ.
నేనే పోయి అడిగితే, గేటు కాడ జవాను
"అయ్య నిద్రపోతాండారు" అనె.
పదకొండేండ్లుగా నిద్రపోతానే ఉండారు.

వదులు చేసిన నడుమే మళ్ళా బిగిస్తి, సుంకన్న కోసరం.
తాడిపత్రి కాడ బండలు కోసే మారెన్న కొడుకు.
తొడుక్కుంటానే వాని వెన్ను నిట్టనిలువుగా లేచె.
లోపల ఎవురి వెన్నుందో
కోటుకేం తెలుస్తాది?

రాత్రి కాలేజీ మైదానం.
ముందర సోఫాలు, కలెక్టరుకీ నాయనివారికీ.
ఎనక పేము కుర్చీలు, వకీళ్ళకు.
ఒక వకీలు తన కుర్చీ సోఫా పక్కకు రెండు జానలు జరుపుకొనె,
అది చూసి ఇంకో వకీలు మూడు జానలు.
తరవాత గుమాస్తాల బెంచీలు.
తరవాత ఇసక. ఇసకలో మేము.

ఇంగ్లీషు నాకు రాదు.
అప్పులోడు రావడం, దొర తెర చాటున దాక్కోవడం
ఏ బాసలోనైనా ఒకటే.
చేతిలో దమ్మిడీ లేదు, కప్పు పట్టుకుంటే మాత్రం
దొర చిటికెనవేలు ఆకాశం చూస్తాది.
అప్పులోడు అట్ల పోతానే ఇట్ల బయటికొచ్చి
ముక్కు చీదుకున్నంత నాజూగ్గా ఏమో అంటాడు,
వానికి మర్యాద తెలీదని కాబోలు.

కలెక్టరు నవ్వె.
ఆయన్ను చూసి నాయనివారు నవ్విరి.
నాయనివారిని చూసి వకీళ్ళు,
వకీళ్ళను చూసి గుమాస్తాలు.
ఆ నవ్వు ఇసక కాడికి వచ్చేసరికి
మేము ఎప్పుడో నవ్వేసి
సెనక్కాయలు వలుచుకుంటాండాం.

నాయనివారి దొరసాని
పక్కామె ధర్మవరం చీర అంచును కంటితోనే తూకమేస్తా
"ఏం ఆడంబరమమ్మా ఈ తెల్లోళ్ళకు!" అనె.

అప్పుడు సుంకన్న వెనక్కి తిరిగె.
తోక మీద రెండు ఇత్తడి గుండీలు,
ఒక్కో గుండీ మీద ఒక నెమలి.
నాయనివారి ఇంట్లో నీళ్ళ చెంబుకు కూడా అదే నెమలి.
ఆయన నోట్లో వక్కపలుకు ఆగిపాయ.

కలెక్టరు పక్కకు వంగి
"కోటు భలే ఉంది, అచ్చం లండన్‌దే" అనెనంట.
నాయనివారు వక్క మింగి
"ఔను సార్, చూస్తానే తెలుస్తాంది" అనిరంట.

ఆ రాత్రి సుంకన్న హాస్టలు మెస్సుకు కోటుతోనే పోయినాడు.
వడ్డించేటోడు తడబడి ఇంకో గరిటె పప్పు పోసినాడు.
మరక పోయేకి నాలుగు నాళ్ళు పట్టె.

మరుసటి దినమే జవాను దిగె.
"అయ్య కోటు ఇయ్యి."
"పద్దెనిమిది రూపాయిలు ఇయ్యి."
పోయి మళ్ళా వచ్చె, చెమటలు కార్చుకుంటా:
"ఆ కోటు మాది కాదని చెప్పమన్నారు."

సరే సామీ. మీది కాదు, నాది కాదు.
బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదే ఖాసింకు ఇస్తి,
పెండ్లికి రూపాయి బాడిగ.

మొన్న నాయనివారింట్లోనే పెండ్లి.
అందరికంటే ముందర నెమలి గుండీలు మెరుస్తా పాయ,
దాని ఎనక గుర్రం,
గుర్రం ఎనక పేడ దాటుకుంటా నాయనివారు.

ఇప్పటికి పదహైదు పెండ్లిండ్లయినాయి.
ఇంగా మూడు రూపాయిలు రావల్ల.
మాఘమాసం రానీ.