పిండికట్టు

బల్లారట్‌లో జూలై నెల.
షాపు మెట్టు మీద గాజులా గడ్డకట్టిన మంచుకి జారి
పిండి పిసికే చేతికే
పిండికట్టు పడింది.

ఆ వారమే పాత ఓవెన్ చచ్చింది.
కంపెనీవాడు కాగితాలు పట్టుకొస్తే
డెక్లన్, పందొమ్మిదేళ్ళ కుర్రాడు,
గిన్నెలు తోమే తడిచేత్తోనే
నా పేరు రాసి, ముందు "తరఫున" అని చేర్చి
కింద తన సంతకం గిలికేశాడు.
మూడేళ్ళ అద్దె. నెలకి ఆరువందల నలభై డాలర్లు.

నన్నడగలేదే, అన్నాను.
స్టర్ట్ వీధి మేడమీద లాయరు మోయిరా
చలికి ముక్కు తుడుచుకుంటూ:
వద్దని రాశారా?
లేదు.
ఓవెన్ వచ్చాక?
దిల్‌పసంద్ కాల్చాను.
మర్నాడు?
ఉస్మానియా బిస్కట్లు. ఎడమచేత్తో, మూడు ట్రేలు.
అమ్మారా?
అమ్మక, మొహానికి పూసుకుంటానా?

అయితే ఆ సంతకం మీదే, అంది.
స్విచ్ వెయ్యకుండా తిప్పి పంపి ఉంటే
అప్పు ఆ కుర్రాడి మెడకి చుట్టుకునేదట.
వాడు కింద కారులో కూర్చున్నాడు,
హీటరు కూడా వేసుకోకుండా.

మౌనం అర్ధాంగీకారం అనేవాడు మా నాయన.
మిగతా సగం
వెన్న కాగే వాసనలో ఉంటుందని చెప్పలేదు.

సెప్టెంబరులో కట్టు కోశారు.
పాలిపోయిన వేళ్ళతో
కిస్తీకి మొదటి చెక్కు రాశాను.
బ్యాంకువాళ్ళు వెనక్కి పంపారు:
ఈ సంతకం మీది కాదు.

డెక్లన్‌ని పిలిచి చూపించాను.
నవ్వాలో వద్దో తెలీక
వాడు నా మొహంకేసి చూస్తున్నాడు.