బలుసాకు మీద

పొడవు: నాలుగున్నర మిల్లీమీటర్లు.
మొలకొలుకుల గింజకు ఒక పిసరు తక్కువ.
రంగు... ఇక్కడ ఆగాను.
పచ్చ అని రాసి కొట్టేశాను.
కందుకూరు సంతలో పొద్దుగూకేదాకా
అమ్ముడుపోని నిమ్మకాయ రంగు.
అలా రాస్తే పత్రికవాళ్లు ఒప్పుకోరు.

నెత్తిన రెండు నల్లచుక్కలు.
వెనకకాళ్లకు దువ్వెనపళ్లలా ముళ్లు.
పాట ఉంది. కాడ లోపలికి పాడుతుంది,
చెవులకు కాదు, అవతలి దాని కాళ్లకు.

మాలకొండ కింద మేకలు తోలే మాల్యాద్రి
సత్రం కిటికీలోంచి తొంగిచూసి
"దీన్ని పట్టుకోనా కొత్తదంటా ఉండావు?
మాయమ్మ చిటుకుపిల్ల అనేది.
ఆకు కదిలిస్తే చిటుక్కున మొగాన పడద్ది" అన్నాడు.
నా కాగితంలో వాళ్లమ్మకు గడి లేదు.

ఆశ్రయమిచ్చే మొక్క: బలుసు. ఇంకే ఆకూ ముట్టదు.
బతికుంటే బలుసాకు తినొచ్చునని
మనం ఊరికే అంటాం.
ఇది నమ్మింది.

పేరు పెట్టాలంటే మగది కావాలి.
పొట్ట కోసి, క్షారంలో ఉడికించి
లోపలి కొక్కెం వంపు చూడాలి.
ఆ వంపు ఇంకే జాతికీ లేదట,
ఆడదానికి ఎప్పుడో తెలిసిన సంగతి
నాకు భూతద్దం కింద మూడు రాత్రులు పట్టింది.

పదకొండు సీసాలు.
స్పిరిట్‌లో రంగు దిగిపోయింది,
నిమ్మకాయ పోయి వరిగడ్డి మిగిలింది.
"లేత పసుపు" అని రాశాను.
చచ్చాక రంగు అది.

పేరు గడి ఇంకా ఖాళీ.
కిటికీ అవతల మాల్యాద్రి మేక
ముందుకాళ్లు ఎత్తి
బలుసుకొమ్మ వంచుతోంది.