నల్ల మఖమలు పట్టీ

బెర్న్ ఆసుపత్రి నేలమాళిగలో నా ఉద్యోగం.
గాజు గొట్టాల్లో నెత్తురు వస్తుంది,
పేర్లుండవు, అంకెలుంటాయి.
గిర్రున తిప్పితే ఎరుపు అడుక్కి దిగి
పసుపు నీరు పైకి తేలుతుంది.
ఉత్తరాలన్నీ ఆ పసుపులోనే.
ఎవరు ఎవరికి ఏం రాశారో నాకనవసరం,
ఎన్ని ఉన్నాయో చెబితే జీతమిస్తారు.

నిన్న సొరుగు సర్దుతుంటే
అమ్మమ్మ ఓట్టీలియా మెడపట్టీ దొరికింది.
రెండు వేళ్ల వెడల్పు, నల్ల మఖమలు,
వెనక వెండి కొక్కెం.
మధ్యలో బట్ట సాగి
గిన్నెలా గుంట పడింది.
ఆ గుంటలో ఉండేది ఆవిడ గలగండం.

లోయలో అందరికీ ఉండేదట.
పాలు పితికేవాడికి, పాదిరీకి,
పెళ్లి గౌను తొడుక్కున్న పిల్లకి కూడా.
ఊట నీళ్లు చెడ్డవన్నారు.
గడ్డిమోపులు మోయడం వల్లన్నారు.
పాపం అని కూడా అన్నారు,
ఎవరిదో మాత్రం చెప్పలేదు.
ఏనాటి మంచునదులో ఆ మట్టిని గీకి
అయొడిన్ అంతా కిందికి దొర్లించుకుపోయాయని
వాళ్లకెలా తెలుస్తుంది?

నాకు తెలుసు. తెలిసి ఏం లాభమో గానీ తెలుసు.
ముక్కు మొదలుకి వెనక, ఎముక గూట్లో
శనగగింజంత పిట్యూటరీ.
కూర్చున్న చోటినుంచి కదలదు.
నెత్తుటిలోకి ఒక్క మాట వదులుతుంది: చెయ్యి.
ఆ మాట కాలేయాన్ని దాటుతుంది, మోకాలిని దాటుతుంది,
వినే చెవి లేనివాళ్ల మధ్యనుంచి
సంతలో తప్పిపోయిన పిల్లలా నడిచి నడిచి
గొంతు దగ్గర థైరాయిడ్‌ని చేరుతుంది.

థైరాయిడ్ వడ్రంగి.
చిన్న చిన్న పెట్టెలు చేస్తుంది,
ఒక్కో పెట్టెకి నాలుగు అయొడిన్ మేకులు.
దూరాన ఏ గుండెలోనో, ఏ చర్మం కిందో
ఒక కణం పెట్టె అందుకుని
ఒక్క మేకు ఊడపీకుతుంది. అప్పుడు తెరుచుకుంటుంది.
లోపలి మాట కేంద్రకం దాకా పోతుంది:
మంట కాస్త పెంచు.
కడుపులో బిడ్డకైతే: మెదడు అల్లుకో, చెవి అల్లుకో.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఇక్కడ పెట్టిందే, ఇక అడగొద్దని చెబుతుంది.
సరిపడా పెట్టెలు తిరుగుతుంటే
శనగగింజ గొంతు తగ్గిస్తుంది.

మరి మేకులే లేకపోతే?
పెట్టెలు రావు, పైనుంచి కేకలు పెరుగుతాయి.
లేవని చెప్పడానికి వడ్రంగికి నోరు లేదు.
బల్ల పక్కన బల్ల వేసుకుంది,
గది పక్కన గది కట్టుకుంది,
ఖాళీ చేతులతో పగలూ రాత్రీ.
ఓట్టీలియా పట్టీ కింద దాచుకున్నది
ఆ చాకిరీని.

ఆవిడ పెద్ద కొడుకు అలోయిస్.
పదకొండేళ్లకి వెన్న చిలికే పీపా అంత ఎత్తు.
వినపడదు. మాట లేదు. నవ్వు ఉండేది.
గర్భంతో ఉండగా ఒక కుంటివాణ్ణి చూసి నవ్వానని
చచ్చేదాకా తనని తాను తిట్టుకుంది.

వాడి పన్నెండో ఏట కొట్లోకి కొత్త ఉప్పు వచ్చింది.
అయొడిన్ కలిపారట, చిటికెడులో వెయ్యో వంతు కూడా కాదట.
ఓట్టీలియా నమ్మలేదు.
ముందు ఆవుకి నాకించింది.
మూడు వారాలు ఆవు చావలేదు,
అప్పుడు సూపులో వేసింది.

కట్టుకున్న గదులు మళ్లీ కూలలేదు,
పట్టీ చివరిదాకా మెడ మీదే ఉంది.
కానీ రెండేళ్లకి మా అమ్మ పుట్టింది, వాల్బుర్గా.

ఇవాళ పొద్దున ఒక గొట్టంలో
కేకల లెక్క మామూలుకి నలభై రెట్లు.
పై అంతస్తుకి ఫోన్ చేశాను.
ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను.

అమ్మ చెప్పేది,
ఆవిడకీ ఎవరో చెప్పిందే:
అలోయిస్ ఆవు మెడ గంట విప్పి తెచ్చి
ఉయ్యాల వెనక నిలబడి మోగించేవాడట.
పాప తల తిప్పేది.
అవతలి పక్కకి పోయి మోగించేవాడు.
తిప్పేది.
ఆ ఇనుప ముక్కలో ఏముందోనని
గంట లోపలికి తొంగి చూసి
మళ్లీ మోగించేవాడట.