ఊ

లాకుల పక్క ఇరిగేషన్ బంగళాలో
మూడు రోజుల ట్రైనింగు.
ఇద్దరు ఏఎన్నెంలు, నలుగురు ఆశాలు,
హైస్కూలు పీఈటీ మాస్టారు, ఆరెంపీ వరహాలరావు,
అంగన్‌వాడీ నుంచి నేను.
సంతకానికో రిజిస్టరు, మనిషికి రెండు సమోసాలు.

కాకినాడ నుంచి వచ్చిన డాక్టరమ్మ ముందే చెప్పేసింది:
"నేర్పడానికి పెద్దగా ఏం తేలేదు.
'ఏం కాదులే' అనకండి.
'మర్చిపో' అనకండి.
'మాకూ అంతే' అని మధ్యలో దూరకండి."
రాసుకుంటూ లెక్కేసుకున్నాను:
ఈ పద్నాలుగు నెలల్లో
ఆ మూడూ నేను అనని గడప లేదు.

జంటల కోసం చీటీలు తీయించింది.
నా చీటీలో మంగతాయారు.
కాలవ అవతలి వీధి ఆశా.
ఆ రాత్రి మా పేటలో ఏడు తాటాకిళ్ళ వెలుగు
వాళ్ళ డాబా మీదికి బాగానే కనపడి ఉంటుంది.
పోలియో ఆదివారాల్లో ఒకే ఐస్‌బాక్సు
చెరో పక్క పట్టుకుని మోసినవాళ్ళం,
కుర్చీలు ఎదురెదురుగా లాక్కోవడానికి
ఎంతసేపు పట్టిందో.

ముందు నేనే చెప్పాను.
ఇంటి గురించి అనుకుంటే
నోట్లోంచి కుట్టుమిషను వచ్చింది.
సూది లేదు, బల్ల లేదు, చక్రం మాత్రం తిరుగుతోంది.
మా అత్త రోజూ బూడిదలోకెళ్ళి
దాన్నొకసారి తిప్పి వచ్చేది.
మంగతాయారు తల దించలేదు.
"ఊ" అంది.

తన వంతొచ్చాక
"మావాడికి నిద్ర లేదు" అంది.
"డీజిల్ వాసనకి వాంతి చేసుకుంటాడు,
రొయ్యల చెరువు ఇంజను దగ్గరికే పోడు.
ఆ రాత్రి ఎక్కడున్నావురా అని
అడగలేదు నేను. అడగలేదు."
మీవాడికా, నిద్ర లేనిది?
నాలిక చివరి దాకా వచ్చింది.
ఇంకా రెండు నిమిషాలుందన్నట్టు
డాక్టరమ్మ వేళ్ళు చూపించింది.
మా నాయనమ్మ కథ చెబుతూ
ఊ కొట్టకపోతే ఆపేసేది,
ఎవరికి చెప్పనే, గోడకా? అని.
"ఊ" అన్నాను.
అది క్షమించడం కాదు. ఇదీ రాసుకోండి.

టీ వేళ లస్కరు పాపయ్య
మెట్ల మీద కూర్చుని చెబుతున్నాడు:
"పైనీళ్ళూ కిందనీళ్ళూ ఒకటయ్యేదాకా
రెండో తలుపు తియ్యకూడదు.
తొందరపడితే పడవ తిరగబడుద్ది."
ట్రైనింగుకి అతన్నెవరూ పిలవలేదు.
పడవలొచ్చి ఎన్నేళ్ళయిందో కూడా అతనికి గుర్తులేదు.
గుర్రపుడెక్క లాగే గెడ పక్కన పెట్టి
మాస్టార్ని అగ్గిపెట్టి అడిగాడు.

సర్టిఫికెట్లిచ్చిన మర్నాటి వారం
మంగతాయారు ఫోను.
"మాట్లాడతానంటున్నాడు. నాతో కాదంట."
వెళ్ళాను.
ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆ వీధి అరుగుల దాకే,
గుమ్మం దాటడం అదే మొదలు.
కుర్రాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.
చాలాసేపటికి, గోడకే చెప్పినట్టు,
"ఆ మిషను మీదేనా?" అన్నాడు.

నాకు ఊ రాలేదు.
లేచి కూడా రాలేదు.