అరసున్న

డెలీమా ఫోన్లో అక్కచెల్లెళ్ళతో మాట్లాడుతుంటే
యాభై ఒక్క ఏళ్ళపాటు
వెండెల్ లేచి గ్యారేజీలోకి వెళ్ళి
ఏదో ఒక చెక్కకి చిత్రిక పట్టుకునేవాడు.
ఇంట్లో ఇంగ్లీషే.
అది ఆయన కోసమని ఎవరూ అనుకోలేదు,
ఉప్పు అందించినంత మామూలుగా.

నవంబరులో ఆమె తలలో ఒక నాళం చిట్లింది.
అద్దెకున్నవాళ్ళు రాత్రికి రాత్రి సామాను సర్దుకున్నట్టు
ఇంగ్లీషు మొత్తం వెళ్ళిపోయింది.
మిగిలింది ఇంటివాళ్ళే:
బుక్టూష్ తీరపు ఫ్రెంచి,
చేపల బోట్ల మధ్య పెరిగిన ఫ్రెంచి.

ఫిబ్రవరి. కిటికీకి సగం దాకా మంచు.
వంటింటి బల్ల మీద ఫోను, కళ్ళజోడు, చల్లారిన టీ.
మరదలి కూతురు జోస్లిన్ నాలుగు యాప్‌లు ఎక్కించి వెళ్ళింది:
"ఏది నచ్చితే అది ఉంచుకో పెదనాన్నా."

మొదటిది అడిగింది, ఎందుకు నేర్చుకుంటున్నారు?
ప్రయాణానికా, ఉద్యోగానికా,
మెదడుకు వ్యాయామమా, కొత్త స్నేహాలకా?
పైనించి కిందికి రెండుసార్లు వెతికి
"ఇతరాలు" నొక్కాడు.
తెర మీద రంగుకాగితాలు కురిశాయి.
తర్వాత నేర్పింది:
ఏనుగు నారింజ రసం తాగుతుంది.
మా అత్త ఏనుగు కాదు.
పదిహేను నక్షత్రాలు వచ్చాయి.
దిండు ఎత్తుగా ఉందా అని అడగడం రాలేదు.

రెండోది బడిపంతులు.
బల్ల ఆడది, అంది. గోడ మగాడు.
నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి,
తిరగేసి చూసిన బల్లలు వేలు.
ఎక్కడా ఆ గుర్తు కనబడలేదు.

మూడోది డబ్బడిగింది.
ఏడాదికి ఒక్కసారే కడితే సగం ధర, ఎర్రక్షరాల్లో.
మేకుల దగ్గర కూడా గీచి గీచి బేరమాడినవాడు,
వేలు ఆ బటన్ మీదే చాలాసేపు నిలబెట్టి
నెలకే కట్టాడు.

నాలుగోది తెరవలేదు.

మూడోదానికి చెవులున్నాయి.
సరిగ్గా పలికితే పచ్చన,
లేకపోతే ఎరుపు, ఒక గుండె పోతుంది.
తొలి మాటే దాటనివ్వలేదు: "మోఁ".
'నా' అనడానికి వాళ్ళ మాట.
మనం బడిలో నేర్చుకుని, నోటితో ఎన్నడూ పలక్క,
పాత పుస్తకాల్లో వదిలేసి వచ్చిన ఆ సగం సున్నా
వాళ్ళ దగ్గర ఇంకా ఊపిరి తీస్తోంది.
నోరు మధ్యలో ఆపేస్తే ముక్కు పూర్తి చెయ్యాలి.
వెండెల్ "మోన్" అంటాడు. ఎరుపు.
"మో" అంటాడు. ఎరుపు.
డెబ్బై ఆరేళ్ళ నోట్లో అది ఎక్కడ పెట్టాలో తెలియక
రాత్రి పదకొండు దాకా
నా, నా, నా అంటూ కూచున్నాడు
ఇంకెవరూ లేని ఇంట్లో.

గురువారం ఆసుపత్రిలో
జేబులో చీటీ చూసుకుని, గొంతు సవరించుకుని
"ఆ త్యూ ఫ్రువా?" అన్నాడు.
చలేస్తోందా, అని.
పారిస్ గొంతు నేర్పినట్టే, ఇస్త్రీ చేసి.
డెలీమా ఎగాదిగా చూసింది,
ఎవరీ పెద్దమనిషి అన్నట్టు.
కుడిచెయ్యి రాదు గనక
ఎడమచేత్తో ఆయన గడ్డం పట్టుకుని
"ఫ్రెట్," అంది. "ఫ్రెట్."
చివరి అక్షరాన్ని మంచుపలకలా ఫటుక్కున విరిచి.
ఫ్రెట్, అన్నాడు.
ఆమె నవ్వింది, సగం మొహంతో.

ఆ రాత్రి యాప్ 'చలి' అనమంది.
"ఫ్రెట్."
ఎరుపు. మళ్ళీ ప్రయత్నించండి.
"ఫ్రెట్."
ఐదు గుండెలూ అయిపోయాయి.
కొత్తవి పొద్దున వస్తాయట.
ఫోను బోర్లించి
చీటీ వెనక రాసుకున్నాడు:
దిండుని ఏమంటారు?
రేపు ఆవిడనే అడగాలి.