తరుగు

ఏడో తరగతి బి సెక్షన్‌లో
పన్నెండేళ్ళు నేను బోర్డుకే పాఠం చెప్పాను.
నా వీపు వెనక నలభై ఒక్కమంది
మూసిన ఎక్కాల పుస్తకాల్లా కూర్చునేవాళ్ళు.
"అర్థమైందా?" అంటే
"అయింది మేడం" అని ఒకే గొంతు.
అందులో ఎవరి గొంతూ లేదని
చాలా ఆలస్యంగా తెలిసింది.

జూన్ చివర. బంగారుపాళ్యం రోడ్డంతా
తోతాపురి ట్రాక్టర్ల వరస.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ఎప్పుడు తెరుస్తారో తెలీదు.
బడి కిటికీలోంచి
తీపీ పులుపూ డీజిలూ కలిసిన వాసన.
కొందరు పిల్లలు రాత్రంతా
నాయన పక్కన కాయల మీదే పడుకుని
జుట్టులో మామిడి జీడితో బడికొచ్చారు.

ఆ పొద్దు బెంచీలు తిప్పించాను,
ఎదురుబొదురుగా, నలుగురేసి.
గచ్చు మీద ఇనుప కాళ్ళు కీచుమంటే
పక్క గదిలో హిందీ సారు పద్యం మధ్యలో ఆగిపోయాడు.

లెక్క, బస్సులో టిక్కెట్టు వెనక రాసుకున్నదే:
టన్ను కాయ. కిలో ఎనిమిది రూపాయలు.
నూటికి ఐదు తరుగు. నూటికి పది కమీషను.
రైతు చేతికి ఎంత?
గుంపుకి ఒకే కాగితం, ఒకే పెన్సిలు.
పెన్సిలు పట్టినవాళ్ళు మాట్లాడకూడదు,
మాట్లాడేవాళ్ళు రాయకూడదు.

ఐదు నిమిషాలు ఎవరూ కదల్లేదు.
ఒకరి చొక్కా గుండీలు ఒకరు లెక్కపెట్టుకున్నారు.
నాకేమో నోరు దురద.
గుప్పిట్లో సుద్దముక్క పిండయింది.

షబ్రీన్ అంది: "ఐదూ పదీ పదిహేను, అంతే గదా."
చెంగల్రాయుడు తలూపాడు,
వాడు దేనికైనా ఊపుతాడు.
ఆరువేల ఎనిమిదొందలు.
నా టిక్కెట్టు వెనకా అదే ఉంది.

మూల గుంపులో కుమరేశు.
ఇంట్లో అరవం, బళ్ళో మౌనం.
ఆరో తరగతి నుంచీ
హాజరుకి చెయ్యెత్తడం తప్ప
నాకొక్క మాటా ఇవ్వనివాడు
పెన్సిలు పట్టిన మునిశ్వేత చెయ్యి ఆపాడు.
"యాడికి పోతా ఉండావు?
తరుగు కింద పోయిన కాయకి దుడ్డే రాదు.
రాని దుడ్డుకి కమీషను ఎట్ల పడతారు?"

అంతే, గది పగిలింది.
"మా నాయనకి టన్ను మీదే పట్టినారు!"
"అయితే మీ నాయన్ని మోసం చేసినారు!"
"చేసినారా? ఉండు, రాసి చూపీ!"
కుమరేశు అరవంలో గుణించి తెలుగులో చెప్తున్నాడు,
మునిశ్వేత రాస్తోంది, పెదాలు బిగబట్టి:
తొమ్మిదొందల యాభై ఎనిమిదులు
ఏడువేల ఆరొందలు.
అందులో పదో వంతు తీసెయ్.
ఆరువేల ఎనిమిదొందల నలభై.

నలభై రూపాయలు తేడా.

హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి
"ఏందమ్మా ఈ గోల, ఇది సంతా?" అన్నారు.
"కాదు సార్, మండీ" అన్నాను.

టిక్కెట్టు తీసి అందరికీ చూపించాను.
"నేనూ తప్పే చేశాను."
నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.
షబ్రీన్ లేచొచ్చి, టిక్కెట్టు అందుకుని,
నా ఆరువేల ఎనిమిదొందల పక్కన
తన పేరు కూడా రాసి ఇచ్చింది.

పన్నెండేళ్ళు.
నూటికి ఎందరు నా వీపు వెనక
తరుగు కింద పోయారో,
ఆ చీటీ ఏ మండీలోనూ దొరకదు.

బెల్లు కొట్టారు. బువ్వ వాసన వచ్చింది.
ఎప్పుడూ పళ్ళెంతో ముందుండే చెంగల్రాయుడు
తలుపు దగ్గర ఆగాడు.
"మేడం, ముందు కమీషను పట్టి,
తరవాత తరుగు తీస్తే?"

నాకు తెలుసు. చెప్పలేదు.
సుద్ద చెయ్యి కొంగుకి తుడుచుకుని
"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.
వాడు ఖాళీ పళ్ళెం మీద వేలితో రాసుకుంటూ
వరండా వెంట వెళ్ళాడు.
ఎదురొచ్చినవాళ్ళు ఏదో అడుగుతున్నారు.
ఎవరికీ తలూపడం లేదు.