ఆరో గ్రూపు

పాడేరు సంతలో గెమ్మెలి డొంబు
గోనెసంచి మూతి విప్పి
ఒక ఆకు నా చేతిలో పెట్టాడు.
"నమిలి సూడు" అన్నాడు, నవ్వకుండా.
నమిలాక బెల్లంముక్క ఇచ్చాడు.
నోట్లో ఇసక.
చిన్నప్పుడు భీమిలి ఒడ్డున బోర్లా పడి తిన్న ఇసక.
తీపిని ఎవరో నాలుక మీంచి
చాప చుట్టినట్టు చుట్టి పట్టుకుపోయారు.

పొడపత్రి.
నీడలో ఎండి, మరలో పొడై,
సాక్స్‌లెట్ గొట్టంలో పద్దెనిమిది గంటలు
స్పిరిటు ఎక్కుతూ దిగుతూ, ఎక్కుతూ దిగుతూ
చివరికి గాజుగిన్నె అడుగున
తారులాంటి జిగురు.
రెండు కిలోల అడవి
చారెడయింది.

ముప్పై ఎలకలు. ఐదు గ్రూపులు.
గుర్తుకోసం తల మీద, వీపు మీద, తోక మీద
పసుపురంగు చుక్కలు.
ఒక్క సూదితో మూడు రోజుల్లో
వాటికి షుగరు తెప్పించాను.
నూకరాజుకి ఇరవై రెండేళ్లు పట్టింది.
హార్బరులో ఇనుపరాయి ధూళిలో రాత్రి డ్యూటీలు,
నిద్ర ఆపడానికి గ్లాసుకి మూడు చెంచాల పంచదార టీ.
ఇప్పుడు యానిమల్ హౌసులో ఊక మారుస్తాడు,
ఉప్పుగాలికి తుప్పెక్కే బోనుల ఊచలు
గరుకు కాగితంతో రుద్దుతాడు.
"మందేసినావా తల్లీ మా బుడ్డోళ్లకి?"
రోజూ పొద్దున్న అదే పలకరింపు.

ఇరవై ఒకటో రోజు.
తోక చివర చిన్న గాటు, నెత్తుటి చుక్క,
మీటరు కీచుమంది.
మూడువందల పన్నెండు కాస్తా
నూట ముప్పై ఆరు.
ఆగలేక గ్రాఫు కాగితం గోడకి అంటించాను.
కైలాసగిరి రోప్‌వేలా
గీత నెమ్మదిగా కిందికి.
నూకరాజు చీపురు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.
"ఇది దిగడఁవేనా అమ్మా?"
దిగడమే, అన్నాను.
నేనన్నది అంతే.

రెండు నెలలకి, చెప్పు విప్పితే తెలిసింది.
బొటనవేలు నేరేడుపండు రంగు.
ఎప్పుడు గుచ్చుకుందో, ఏం గుచ్చుకుందో
తనకే తెలీదు.
ఎలకల మీటరుతోనే చూశాను.
అంకె రాలేదు.
ఇంగ్లీషు అక్షరాలు రెండు, హెచ్చు, ఐ.
మనవరాలి దగ్గర నేర్చుకున్నాడేమో
కూడబలుక్కుని చదివాడు.
"హాయ్ అంతంది తల్లీ, పలకరిస్తంది."
అది పలకరింపు కాదనీ
హాయి అసలే కాదనీ
కొలత చేతులెత్తేసిందనీ
ఎలా చెప్పను.

కేజీహెచ్‌కి ఆటోలో పోతుంటే
జగదాంబ దగ్గర ఎర్రలైటు పడినప్పుడు చెప్పాడు.
మాత్రలు మానేశాడట.
నేను పారబోసిన పిప్పిని
స్పిరిటు వాసన పోయేదాకా ఎండబెట్టి
రెండు పూటలా మరిగించి తాగాడట.
"ఎలకలకి దిగినాదని నువ్వే సెప్పినావు కదా."
నిష్ఠూరం లేదు ఆ గొంతులో.
లెక్క అప్పజెబుతున్నట్టుంది.

పిప్పిలో ఏమీ ఉండదు, నూకరాజూ.
ఉన్నదంతా
నేను ముందే లాగేసుకున్నాను.
ఈ మాట పైకి అనలేదు.
రేవులో ఏదో ఓడ కూత పెట్టింది,
లైటు పచ్చగా మారింది.

థీసిస్ చివరి పేరాలో అందరూ రాసే వాక్యం ఒకటుంటుంది.
"మనుషులపై మరిన్ని పరీక్షలు అవసరం."
పేజీ నిండడానికి రాస్తాం.
మొన్న రాత్రి అక్కడ ఆగిపోయాను.
కర్సరు కొట్టుకుంటోంది,
చెవి ఆనిస్తే వినిపించేట్టు.

వేలు తీసేశారు.
"మీ ఎలకల కన్నా నాకే ఎక్కువ సూదులు"
అని నర్సు మీద విసుక్కుంటున్నాడు,
అంటే కోలుకుంటున్నట్టే.
లేచి వస్తుంటే అడిగాడు.
"ఐదో గ్రూపులో, తోక మీద సుక్కున్న బుడ్డోడు,
మేత తింతన్నాడా?"

బాగున్నాడు, అన్నాను.
నిన్ననే వాడి క్లోమాన్ని
వెంట్రుకలో పదోవంతు మందాన కోసి
గులాబీ రంగద్ది గాజుపలక మీద పరిచాను.
మైక్రోస్కోపులో చూస్తే
చిన్న చిన్న దీవులు
చక్కగా తేరుకుని ఉన్నాయి.